భూటాన్ వెళ్తారా? ముందు నెల చూసుకోండి!

వచ్చిన దగ్గర్నుంచీ అందరూ ఒకటే ప్రశ్న. "భూటాన్‌లో ఏమేం చూశారండీ?" అని. నన్నడిగితే మీరు ముందుగా అడగాల్సింది అది కాదు. "ఏ నెలలో వెళ్ళారు?" అని అడగాలి. ఎందుకంటే ఆ దేశం ఏప్రిల్‌లో ఒకలా ఉంటుంది, జూలైలో ఒకలా ఉంటుంది, నవంబరులో మరోలా ఉంటుంది. మా చెల్లెలు చూసిన భూటాన్ నేను చూడలేదు. నేను చూసింది అది చూడలేదు. ఇద్దరం ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే రెండు దేశాలు వెళ్ళొచ్చినట్టుంది!

మేం వెళ్ళింది 2024 నవంబరులో, కార్తీకమాసంలో. మావారు రిటైరయ్యాక ఇద్దరమే వెళ్ళిన మొదటి ప్రయాణం. వెళ్ళే ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నేను సామాన్ల దగ్గర కూర్చునే మనిషిని. నవ్వకండి, మీలో కూడా చాలామంది ఉంటారు. శ్రీశైలంలో అందరూ పాతాళగంగకి మెట్లు దిగితే నేను పైన సంచుల దగ్గర కూర్చున్నాను. శ్రవణబెళగొళలో అందరి చెప్పులూ కాపలా కాశాను. మొదట్లో చంటిపిల్లలు ఉండేవాళ్ళు, తర్వాత అత్తగారికి తోడు ఉండాల్సి వచ్చింది, ఆ తర్వాత నా మోకాళ్ళే వచ్చిపడ్డాయి. "నువ్వెక్కలేవులే, ఇక్కడ కూర్చో" అనేవారు. నేనూ "సరే, మీరు చూసి రండి" అనేదాన్ని. అలా ముప్ఫై నాలుగేళ్ళు.

భూటాన్ పుస్తకంలో అట్ట మీదే ఒక కొండ, ఆ కొండ అంచుకి అతికించినట్టు తెల్లటి గుడి కనిపించాయి. దాన్ని తక్సంగ్ అంటారు, అంటే పులిగూడు. మావారు అది చూసి, "ఇది నీకు కుదరదు, కింద కారులో ఉందువుగాని" అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ ఎందుకో ఆ రోజు నాకు "సరే" అనబుద్ధి కాలేదు. మా ఎముకల డాక్టరుగారిని అడిగాను. మెల్లిగా, కర్ర పట్టుకుని, అలవాటు చేసుకుని వెళ్ళమన్నారు. మూడు నెలలు పొద్దున్నే మా అపార్టుమెంటు మెట్లు నాలుగంతస్తులు ఎక్కి దిగాను. మావారు పేపరు చదువుకుంటూ నవ్వేవారు.

ఇక అసలు విషయంలోకి వద్దాం.

భూటాన్ చిన్న దేశం. మొత్తం 38 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు కూడా లేదు. జనం ఎనిమిది లక్షల లోపే. మనకి వీసా అక్కర్లేదు గాని పర్మిట్ కావాలి. దానికి పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. ఆధార్ పనికిరాదండోయ్! మా రైలులో ఒక జంట ఆధార్ కార్డులు మాత్రమే పెట్టుకుని బయల్దేరారు, పాపం. పిల్లలుంటే వాళ్ళ పాస్‌పోర్టు గాని బర్త్ సర్టిఫికెట్ గాని తీసుకెళ్ళండి.

ఇంకొకటి, డబ్బు సంగతి. 2022 సెప్టెంబరు నుంచి మనవాళ్ళు కూడా మనిషికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున అక్కడి ప్రభుత్వానికి రుసుము కట్టాలి. మిగతా దేశాల వాళ్ళకి ఇంకా చాలా ఎక్కువ. మేము ఏడు రాత్రులున్నాం, ఇద్దరికీ కలిపి 16,800. గది అద్దె, కారు, గైడు, భోజనం అంతా దీనికి అదనం. గుళ్ళకీ కోటలకీ టిక్కెట్లు వేరే. మా ఇంట్లో దీని మీద రెండు రోజులు చర్చ జరిగింది. "ఊరికే ఉన్నందుకు డబ్బు కట్టడమేమిటి?" అని మావారు. అక్కడికి వెళ్ళాక మాత్రం నాకు కోపం రాలేదు. జనం తోసుకోవడం లేదు, కొండల మీద ప్లాస్టిక్ కుప్పలు లేవు. దేశంలో అరవై శాతం అడవి ఎప్పటికీ ఉండి తీరాలని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారట. అయినా అయిదుగురున్న కుటుంబానికి ఇది పెద్ద భారమేనని ఒప్పుకుంటాను. ఈ లెక్కలు మారుతుంటాయి కాబట్టి టిక్కెట్లు కొనేముందు మళ్ళీ కనుక్కోండి.

విమానంలో అయితే కోల్‌కతా నుంచో ఢిల్లీ నుంచో నేరుగా పారో దిగొచ్చు. మేము రైలు వాళ్ళం. సియాల్దాలో రాత్రి కాంచన్ కన్యా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు హాసిమారాలో దిగాం. అక్కణ్ణించి జైగావ్ దగ్గరే. ఆ ఊరికి ఆనుకునే భూటాన్ వాళ్ళ ఫుంత్‌షోలింగ్ ఉంది. ఇటు హారన్లు, కిక్కిరిసిన వీధి. అటువైపు అడుగు పెట్టగానే అంతా నిశ్శబ్దం, కాలిబాట మీద మనుషులు వరసలో నడుస్తున్నారు! గడియారం అరగంట ముందుకి తిప్పుకోవాలి. మన రూపాయి, వాళ్ళ న్గుల్ట్రమ్ ఒకటే విలువ, మన నోట్లు చాలాచోట్ల తీసుకుంటారు.

రాజధాని థింపూకి నూట యాభై కిలోమీటర్లు, అంతా ఘాట్ రోడ్డు. మాకు అయిదున్నర గంటలు పట్టింది. వాంతుల మాత్రలు, నాలుగు నిమ్మకాయలు దగ్గర పెట్టుకోండి. మీకు కాకపోయినా మీ ఆయనకి పనికొస్తాయి!

థింపూలో ట్రాఫిక్ లైట్లు లేవు. నడిబొడ్డున చిన్న మండపంలాంటి దాంట్లో పోలీసు నిలబడి, నాట్యం చేస్తున్నట్టు చేతులు తిప్పుతుంటాడు. అక్కడ కాసేపు నిలబడి చూడ్డమే ఒక సరదా. కొండమీద పెద్ద బుద్ధుడి విగ్రహం ఉంది, యాభై మీటర్ల పైనే ఎత్తు. దాని లోపల లక్షా పాతిక వేల చిన్న బుద్ధులున్నారట. చూశాం, దణ్ణం పెట్టుకున్నాం. నిజం చెప్పాలంటే నా మనసు మాత్రం శనివారం కూరగాయల సంతలో ఉండిపోయింది.

ఎందుకంటారా? మాది గుంటూరు. మిరపకాయల ఊరి దాన్ని. కారం సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదనుకునేదాన్ని. అక్కడ మిరపకాయ మసాలా కాదండీ, కూర! మనం బెండకాయలు కొన్నట్టు కిలోలకి కిలోలు కొంటున్నారు. దారి పొడుగునా ఇళ్ళ రేకుల మీద ఎర్రగా మిరపకాయలు ఎండబెట్టి ఉన్నాయి. మన కల్లాలే కొండెక్కి కూర్చున్నాయా అనిపించింది. వాళ్ళ రోజువారీ కూర పేరు ఎమా దత్సి. ఎమా అంటే మిరపకాయ, దత్సి అంటే జున్నులాంటి ఛీజు. పచ్చిమిరపకాయలు నిలువుగా చీరి, ఉల్లిపాయ, టమాటా, నాలుగు వెల్లుల్లి రేకలు వేసి, కొంచెం నీళ్ళు, చెంచాడు నూనె పోసి మూతపెట్టి ఉడికిస్తారు. మెత్తబడ్డాక ఛీజు వేసి కరగనిచ్చి దించెయ్యడమే. పోపు లేదు, పసుపు లేదు, పది నిమిషాల పని. ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుంటారు. ఇంటికొచ్చాక నేను బజ్జీ మిరపకాయలతో, సగం పనీరు సగం ఛీజు క్యూబులు వేసి చేశాను. బాగానే కుదిరింది. మామూలు పచ్చిమిరపకాయలతో మాత్రం చెయ్యకండి, ఇంటిల్లిపాదీ మీ మీద పడతారు. శాకాహారులకి అక్కడ ఇబ్బంది లేదు. బంగాళాదుంపలు వేస్తే కెవా దత్సి, పుట్టగొడుగులు వేస్తే షాము దత్సి. వెన్నా ఉప్పూ వేసిన టీ ఒకటి ఇస్తారు. దాన్ని టీ అనుకుని తాగితే నచ్చదు, చారు అనుకుని తాగితే బాగుంటుంది.

అన్నట్టు అక్కడా తాంబూలం ఉంది. తమలపాకు, సున్నం, వక్క. కాకపోతే ఆ వక్క నానబెట్టి ముగ్గబెట్టింది. వాసనకే నాకు కళ్ళు తిరిగాయి. మావారు ధైర్యంగా నోట్లో వేసుకుని, రెండు నిమిషాల్లో చెవులదాకా ఎర్రబడిపోయారు.

ఇప్పుడు నెలల సంగతి. మా చెల్లెలు వాళ్ళు 2023లో ఉగాది వెళ్ళిన వారంలో బయల్దేరారు. వాళ్ళకి పారో ఊళ్ళో షెచు అనే ఉత్సవం దొరికింది. ముసుగులు వేసుకుని భిక్షువులు నాట్యం చేస్తారు. ఆఖరిరోజు తెల్లవారకముందే ఒక ఇంటి గోడంత పెద్ద పట్టుబట్ట బొమ్మని దించుతారు, ఎండ దానిమీద పడే లోపల మళ్ళీ చుట్టేస్తారు. దాన్ని చూస్తే చాలు, పాపం పోతుందని నమ్మకం. చెల్లెలు మూడింటికే లేచి వెళ్ళిందట. వసంతంలో కొండలన్నీ రోడోడెండ్రాన్ పూలతో ఎర్రగా, తెల్లగా, గులాబీ రంగులో ఉంటాయి. ఏప్రిల్ ముదిరాక పునాఖా కోట ముందు నీలిపూల జకరండా చెట్లు విరగబూస్తాయి. వాళ్ళ పిల్లలు పునాఖాలో నదిమీద రబ్బరు పడవల్లో కూడా వెళ్ళారు. అది చలికాలం పోయాక, వానలు రాకముందు బాగుంటుంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా వానలు. కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతుంటాయి, అడవి దారుల్లో జలగలు. పిల్లల వేసవి సెలవుల కోసమని జూన్ పెట్టుకోకండి. అయితే కాస్త సాహసం ఉన్నవాళ్ళకి ఆ రోజుల్లో పై కనుమల్లో వాళ్ళ జాతీయ పుష్పం నీలి గసగసాల పువ్వు కనిపిస్తుంది. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా ఆకాశం కడిగినట్టు ఉంటుంది. కొండల్లో రోజుల తరబడి నడిచేవాళ్ళంతా అప్పుడే వస్తారు. పూర్వం కాలినడకన కబురు మోసేవాళ్ళు తిరిగిన దారిని బాగుచేసి 2022లో మళ్ళీ తెరిచారు, 403 కిలోమీటర్లు. అంతా నడవక్కర్లేదు, ఒక పూట ముక్క నడిచినా చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో చలి బాగా ఉంటుంది గాని పునాఖా పల్లంలో ఉంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. అందుకే వాళ్ళ పెద్ద గురువులూ భిక్షువులూ చలికాలం మకాం అక్కడికి మారుస్తారు.

నేను నవంబరే ఎందుకు ఎంచుకున్నానంటే, కొంగల కోసం. ఫోబ్జీఖా అని దాదాపు మూడువేల మీటర్ల ఎత్తున ఒక లోయ. టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు చలికాలానికి అక్కడికి వస్తాయి. ఏటా నవంబరు 11న గాంగ్‌టే అనే మఠం ముంగిట్లో వాటికి పండుగ. మేము వెళ్ళిన ఏడు అది సోమవారం పడింది. కార్తీక సోమవారం!

థింపూ నుంచి అక్కడికి వెళ్ళే దారిలో దోచులా కనుమ వస్తుంది, 3,100 మీటర్ల ఎత్తు. 108 చిన్న స్తూపాలు గుట్ట మీద వలయాలుగా ఉన్నాయి. 2003లో దేశం కోసం పోరాడి పోయిన సైనికుల జ్ఞాపకంగా అక్కడి పెద్దరాణిగారు కట్టించారు. మా అదృష్టం, ఆ పొద్దున మబ్బు లేదు. మంచుకొండలన్నీ వరసగా కనిపించాయి. అందులో గాంగ్‌ఖర్ పున్సుమ్ అనేది 7,570 మీటర్లు. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు, ఎక్కనివ్వరు కూడా. కొండశిఖరాలు దేవతల చోటని ఆ దేశంలో పర్వతారోహణ 2003 నుంచి పూర్తిగా మానేశారు. ఎక్కగలిగీ ఎక్కకపోవడం! మన ఇళ్ళలో చెప్పినా ఎవరూ నమ్మరు.

ఫోబ్జీఖాలో ఒక రైతు ఇంట్లో దిగాం. ఊరంతా బంగాళాదుంప చేలే. కరెంటు తీగలు పైన ఎక్కడా కనిపించవు. కొంగల రెక్కలకి తగలకుండా భూమిలోంచి వేశారు. కొన్ని వందల పక్షుల కోసం! రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలి. గది మధ్యలో ఇనప పొయ్యి, దాని చుట్టూ అందరం. ఇంటి యజమానురాలికి నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద వయసుంటుంది. మా గైడు కుర్రాడు ఆవిడ మాటలు హిందీలో చెప్తుంటే విన్నాం. ఆ ఇల్లు ఆవిడకి వాళ్ళమ్మ నుంచి వచ్చిందట, ఆవిడ తర్వాత కూతురికట. అక్కడ చాలాచోట్ల అంతే, ఇల్లూ పొలమూ కూతురిది, అల్లుడు వచ్చి అత్తగారింట్లో ఉంటాడు. "అంటే ఊరంతా ఇల్లరికమే!" అన్నారు మావారు. నేను గైడు ద్వారా ఆవిణ్ణి అడిగాను, "మరి మీరు పుట్టింటికి వెళ్ళేదెప్పుడు?" అని. ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. రెండుసార్లు తిప్పి చెప్పాక నవ్వి, నేల చూపించింది.

మర్నాడు ఉపవాసం ఉంటానంటే మావారు ఒప్పుకోలేదు, ఆ ఎత్తులో ఖాళీ కడుపుతో ఉంటే తల తిరుగుతుందని. పాలు తాగి వెళ్ళాను. బడిపిల్లలు కొంగల్లా నల్ల మెడలు, తెల్ల రెక్కలు కట్టుకుని గెంతుతూ ఆడారు. ఒక బుజ్జి కొంగ ముక్కు ఊడిపోతే పట్టుకుని ఏడుస్తూనే ఆడింది. అసలు కొంగలు దూరంగా చిత్తడి నేలలో ఉన్నాయి, దుర్భిణీ పెట్టుకుని చూడాలి. దగ్గరికి పోనివ్వరు. కొంగలు వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఆ మఠం చుట్టూ మూడుసార్లు తిరుగుతాయని ఆ ఊరివాళ్ళు చెప్తారు. నేను చూడలేదు గాని, కార్తీకంలో ప్రదక్షిణ అంటే నమ్మాలనే అనిపించింది.

పునాఖా గురించి ఎంత చెప్పినా తక్కువే గాని, చోటు లేదు. రెండు నదులు కలిసే చోట 1637లో మొదలుపెట్టి కట్టిన కోట. ఒకటి ఫో ఛూ, మగ నది. ఒకటి మో ఛూ, ఆడ నది. ఇప్పటి రాజుగారి పెళ్ళి 2011లో ఇక్కడే జరిగింది. ఇలాంటి కోటల్లోకి వెళ్ళేటప్పుడు చేతులు, కాళ్ళు కప్పుకునే బట్టలు ఉండాలి, టోపీ తీసెయ్యాలి. చీరలైతే ఏ ఇబ్బందీ లేదు. దగ్గర్లో పొలాల మధ్య చిమీ లాఖాంగ్ అని చిన్న గుడి ఉంది. పిల్లలు లేనివాళ్ళు వచ్చి మొక్కుకుంటారు. కలిగాక పంపిన పాపాయిల ఫొటోలు ఆల్బమ్‌లో పెట్టారు. దారిలో ఇళ్ళ గోడల మీద బొమ్మలు చూసి మీ పిల్లలు ఏదన్నా అడిగితే జవాబు మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోండి!

ఇక పారో. 14వ తారీఖు పొద్దున.

ముందురోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మాయి బలవంతం చేసి ఇచ్చిన చుడీదారు, కాన్వాసు బూట్లు కుర్చీలో పెట్టుకుని చూస్తూ పడుకున్నాను. పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరివచ్చి ఆ కొండగుహలో ధ్యానం చేశాడని వాళ్ళ నమ్మకం. 1692లో గుడి కట్టారు. 1998లో అగ్నిప్రమాదం జరిగి చాలాభాగం కాలిపోతే మళ్ళీ మునుపటిలాగే కట్టి 2005లో తెరిచారు. ఆ అంచు మీదికి కట్టెలూ రాళ్ళూ ఎలా మోశారో!

గుడి 3,100 మీటర్ల ఎత్తున ఉంది. కింద కార్లు ఆగేచోట వెదురుకర్రలు అద్దెకిస్తారు, తప్పకుండా తీసుకోండి. సగం దూరం వరకు గుర్రాలు కూడా ఉంటాయి. కానీ ఎక్కడానికే, దిగడానికి ఎక్కనివ్వరు. నేను గుర్రం వద్దన్నాను. ఎనిమిదింటికి మొదలుపెట్టాం. పైన్ చెట్ల మధ్య మట్టిదారి, సెలయేటి నీళ్ళతో వాటంతటవే తిరిగే ప్రార్థనా చక్రాలు. ఇరవై అడుగులు వెయ్యడం, నిలబడ్డం, ఊపిరి తీసుకోవడం. పిల్లలు మమ్మల్ని దాటి పరిగెత్తారు. మా గైడు కుర్రాడు, "ఆంటీ, కొండ ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని నడిచాను.

రెండు గంటలకి సగం దారిలో ఉన్న హోటల్ దగ్గరికి చేరాం. టీ తాగాం. ఎదురుగా గుడి కనిపిస్తోంది. నేను లేవబోతుంటే మావారు లేవలేదు. మొహం పాలిపోయింది, ఆయాసం. ఎత్తుకి పడలేదు. గైడు చూసి కంగారేం లేదు గాని ఇక పైకి వద్దన్నాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. ఇంకేం చేస్తాను? ఆయన్ని వదిలి వెళ్తానా? పావుగంట గడిచింది. ఆయాసం తగ్గింది, రంగు వచ్చింది. ఇంకో టీ తెప్పించుకున్నారు. హోటల్లో ఉన్న అమ్మాయి నేను చూసుకుంటానంది. అయినా నేను కదల్లేదు. అప్పుడు ఆయన నా సంచీ తీసి తన కుర్చీ పక్కన పెట్టుకుని, "వెళ్ళిరావోయ్. నేను సామాను చూస్తుంటాను" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కర్ర తీసుకుని లేచాను.

అక్కణ్ణించి ఇంకో గంట ఎక్కితే గుడికి ఎదురుగా ఉన్న మలుపు. గుడి చెయ్యి చాస్తే అందుతుందనిపిస్తుంది, కానీ మధ్యలో లోయ. ఏడెనిమిది వందల మెట్లు, కొన్ని దిగాలి, జలపాతం పక్కన వంతెన దాటాలి, మళ్ళీ ఎక్కాలి. చాలామంది అక్కడే ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. తప్పేమీ లేదు, అక్కణ్ణించి చూసినంత అందంగా లోపలినుంచి కనిపించదు. నేను ఒక మెట్టుకి రెండు పాదాలూ పెడుతూ, అడ్డంగా తిరిగి, చంటిపిల్లలా దిగాను. జలపాతం తుంపర మొహాన పడింది. మళ్ళీ ఎక్కేటప్పుడు లెక్కపెట్టడం మానేసి లలితా నామాలు చదువుకున్నాను.

గుమ్మం దగ్గర సంచులు, ఫోన్లు, కెమెరాలు అన్నీ తీసుకుని బీరువాల్లో పెట్టి తాళమేస్తారు. ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు! లోపల చిన్నచిన్న గదులు, వెన్న వాసన, చల్లటి బండరాయి. దీపాల గదిలో ఒక దీపం వెలిగించాను. కార్తీకం కదా అని ఇంటినుంచి ఆవునెయ్యిలో తడిపిన వత్తులు తెచ్చుకున్నాను, అవి మావారి దగ్గర సంచీలో ఉండిపోయాయి. వాళ్ళ దీపమే పెట్టాను. ఒక భిక్షువు హిందీలో ఏ ఊరని అడిగారు. గుంటూరంటే తెలియలేదు. అమరావతి దగ్గర అనగానే రెండు చేతులూ జోడించారు. బుద్ధుడు కాలచక్ర బోధ చేసిన ధాన్యకటకం అదేనని వాళ్ళ నమ్మకం. 2006లో దలైలామాగారు అక్కడికి వచ్చారు కదా. మన ఊరి పక్క ఊరు వాళ్ళకి కాశీలాంటిదని అంతదూరం వెళ్ళి తెలుసుకున్నాను.

దిగడమే కష్టమండీ, ముందే చెప్తున్నాను. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి. మలుపు దాటి హోటల్ చేరేసరికి మూడున్నర. మావారు నాగపూర్ నుంచి వచ్చిన ఒకాయనతో పెన్షన్ల గురించి మాట్లాడుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. "లోపల ఏముంది?" అన్నారు. నాకేం చెప్పాలో తోచక "దీపాలున్నాయి" అన్నాను. కిందికి దిగేసరికి చీకటి పడుతోంది.

ఆ రాత్రి వేడిరాళ్ళ స్నానం చేశాం. నదిలో రాళ్ళు నిప్పుల్లో ఎర్రగా కాల్చి చెక్కతొట్టె నీళ్ళలో వేస్తారు, ఏవో మందాకులు కూడా వేస్తారు. రాయి పడగానే బుసబుసమని చప్పుడు. అరగంట మునిగి కూర్చుంటే మోకాళ్ళు నావే అనిపించాయి. తక్సంగ్ ఎక్కినవాళ్ళు ఇది మాత్రం మానకండి. బీపీ ఉన్నవాళ్ళు ఎక్కువసేపు ఉండకండి.

మర్నాడు పౌర్ణమి. కనుమలు దిగి, గడియారం అరగంట వెనక్కి తిప్పుకుని, జైగావ్ లాడ్జి మేడమీద 365 వత్తులు వెలిగించాను. సంచీ మావారే పట్టుకొచ్చారు.

రాబోయే వసంతంలో జకరండా పూల వేళకి మళ్ళీ వెళ్దామంటున్నారు. ఇప్పుడు పొద్దున్నే మా అపార్టుమెంటులో మెట్లెక్కుతున్నది ఆయన. మూడో అంతస్తు దగ్గర ఆగి అరుస్తున్నారు, మంచినీళ్ళు తెమ్మని.